మంచం పక్కన మనిషికి ఒక తోడు: నలుగురు కలిసి గుంపు పెట్టుకోవడం ఎలా

మా అత్తకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయిన కొత్తలో ఇంటికి చుట్టాలు బాగా వచ్చేవాళ్లు. యాపిల్ పండ్ల సంచి మంచం పక్కన పెట్టి, అత్త చెయ్యి పట్టుకుని కాసేపు ఏడ్చి, పోతూ పోతూ వాకిట్లో నాతో ఒకే మాట అనేవాళ్లు: "నీకు శానా పుణ్యమొస్తుంది పాపా." ఆ మాట విన్నాక ఇంకేం చెప్పుకుంటాం? రాత్రి మూడుసార్లు లేచి గుడ్డలు మార్చాననీ, పొద్దున ఆమె సంగటి మింగకుండా ఊసేస్తే గిన్నె నేలకేసి కొట్టాననీ పుణ్యం మూటగట్టుకుంటున్న మనిషి ఎట్లా చెప్తుంది?

చెప్పుకున్నది ఎనిమిది నెలల తర్వాత, ఒక ఫిజియోథెరపీ గది బయట బెంచీ మీద. భర్తను వీల్‌చైర్‌లో తోసుకొచ్చిన ఒకావిడ నా పక్కన కూర్చుని "నువ్వు తిన్నావా?" అని అడిగింది. అప్పటిదాకా అందరూ అత్త తిన్నదా అనే అడిగారు. నాకు ఏడుపు ఆగలేదు. ఆమె ఓదార్చనూ లేదు, కారణం అడగనూ లేదు. టిఫిన్ డబ్బా మూత తీసి నా చేతిలో పెట్టింది.

ఇప్పుడు మేం ఐదుగురం. ఆమె కొర్లగుంట అక్క. మతిమరుపు జబ్బుతో ఉన్న తల్లిని చూసుకునే ఆటో డ్రైవరు రేణిగుంట అన్న. పుట్టినప్పటినుంచి సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కాళ్లూచేతులూ స్వాధీనంలో ఉండని స్థితి) ఉన్న కొడుకును పెంచుతున్న చంద్రగిరి పాప. తండ్రిని డయాలసిస్‌కు తిప్పిన టీచరమ్మ. మాలో మాకు పేర్లకన్నా ఊర్లే వాడుక. ఆరేళ్లుగా మేం చేసిన తప్పులు, కుదిరిన పద్ధతులు కలిపి ఇది రాస్తున్నాను. మీరూ ఇలాంటి గుంపు పెట్టుకోవాలనుకుంటే పనికొస్తుంది.

మొదట, మీ సంగతి మీరు చూసుకోండి

మనలో చాలామందికి తాము అలిసిపోయామని తెలియదు. పేషెంటు బీపీ రోజూ రాసుకుంటాం, మన బీపీ చివరిసారి ఎప్పుడు చూపించుకున్నామో గుర్తుండదు. అమెరికాలో స్టీవెన్ జరిత్ అనే పరిశోధకుడు, ఆయన తోటివారు 1980లో ఇలాంటి ఇంటి మనుషుల కోసమే ఒక ప్రశ్నల పట్టిక తయారుచేశారు. ఇప్పుడు ఎక్కువగా వాడే రూపంలో 22 ప్రశ్నలుంటాయి. మీకోసం మీకు టైము మిగలడం లేదనిపిస్తుందా, ఆ మనిషి దగ్గరుంటే కోపం వస్తుందా, మీ ఆరోగ్యం దెబ్బతిన్నదనిపిస్తుందా అన్న తీరులో అడుగుతారు. పట్టిక దొరక్కపోయినా ఈ మూడూ మిమ్మల్ని మీరు అడగండి. మూడింటికీ "తరచుగా" అని జవాబొస్తే, మీకు తోడు కావాలి.

నా గుర్తు వేరే. మేడ మీదికి ఎక్కితే తిరుమల కొండ కనిపించే ఇల్లు మాది. ఎక్కడెక్కడినుంచో జనం వచ్చి దర్శనం చేసుకుని పోతుంటారు. నేను కొండెక్కి మూడేళ్లయిందని ఒకరోజు బట్టలు ఆరేస్తూ లెక్కేసుకున్నాను.

ఇద్దరిని వెతకండి, పదిమందిని కాదు

తిరుపతిలో మనలాంటివాళ్లకు కొదవ లేదు. స్విమ్స్, రుయా, బర్డ్ ఆసుపత్రులు, అలిపిరి దగ్గర క్యాన్సర్ ఆసుపత్రి, అన్నీ దగ్గర దగ్గరగానే ఉన్నాయి. చిత్తూరు, కడప, నెల్లూరు వైపునుంచి వచ్చే పేషెంట్లందరి వెనకా ఒక మనిషి ఉంటుంది. ఆసుపత్రి భాషలో ఆమె అటెండెంట్. మందుల షాపు వరసలో, డయాలసిస్ గది బయట, ఫిజియోథెరపీ దగ్గర, వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం క్యాంపులో, ప్రత్యేక పిల్లల బడి గేటు ముందు గంటలకు గంటలు కూర్చుని ఉంటుంది.

చిత్తూరువాళ్లలో చాలామంది వేలూరు పోతారు కదా, అక్కడ సీఎంసీ ఆసుపత్రి వాళ్ల బాగాయం మానసిక వైద్య కేంద్రంలో పేషెంటుతో పాటు ఇంటి మనిషి కూడా ఉండాలనే పద్ధతి మొదటినుంచీ ఉంది. పక్కపక్కన ఉండి వండుకుని తినేవాళ్లకు స్నేహం దానంతటదే కుదురుతుంది. మన ఊళ్లో దాన్ని మనం కావాలని కుదుర్చుకోవాలి.

మాట ఎట్లా కలపాలి? "మీ పేషెంటుకు ఏం జబ్బు?" అని మాత్రం మొదలుపెట్టొద్దు. ఆ కథ ఆమె ఆ రోజుకు అప్పటికే నలుగురికి చెప్పి ఉంటుంది. "మీరు ఎప్పుడొచ్చారు? టీ తాగారా? నేను వరసలో ఉంటా, మీరు పోయి కాళ్లు చాపుకుని రండి" అనండి. రెండు మూడుసార్లు కనబడ్డాక ఫోన్ నంబరు అడగండి. ఒకే జబ్బువాళ్లే కావాలని పట్టుబట్టొద్దు. జబ్బులు వేరైనా నిద్రలేని రాత్రులు ఒకటే. ఒకే దశలో ఉన్నవాళ్లు దొరికితే మరీ మంచిది. నెల కిందట మొదలైనవాళ్ల కంగారు, పదేళ్లుగా మోస్తున్నవాళ్ల నీరసం వేరు వేరు.

ముగ్గురు చాలు మొదలుపెట్టడానికి. ఏడుగురు దాటితే అందరికీ మాట్లాడే వంతు రాదు.

గంట ఖాళీ సంపాదించండి

చాలా గుంపులు ఇక్కడే ఆగిపోతాయి. అసలు కష్టం మనసు విప్పడంలో లేదు, మంచం దగ్గర ఎవరుంటారు అన్నదాంట్లో ఉంది. మా మొదటి మూడు కూటములకు ముగ్గురిలో ఒకరే వచ్చారు, అది నేనే. అందుకే గట్టిగా చెప్తున్నాను, ఓదార్పు మాటలకన్నా ముందు కాపలా వంతులు తేల్చుకోండి.

ఒక దారి, ఇంట్లోవాళ్లను అడగడం. మన అడుగుడులోనే తప్పుంటుంది. "కొంచెం సాయం చెయ్యొచ్చు కదా" అంటే మరిదికి అది ఎత్తిపొడుపులా వినబడుతుంది. "గురువారం సాయంత్రం నాలుగు నుంచి ఐదున్నర దాకా అమ్మ దగ్గర కూర్చో, ఐదింటికి ఈ మాత్ర ఇవ్వు" అని చెప్పండి. పని, రోజు, గంట మూడూ ఉంటే తప్పించుకోవడం కష్టం. ఒప్పుకోవడమూ సులువే. ఊళ్లో లేని ఆడపడుచునైతే ఆ గంటన్నరకు మనిషిని పెట్టేందుకు డబ్బు అడగండి. యాపిల్ పండ్లకన్నా అది నయం.

రెండో దారి గుంపులోనే ఉంది. వంతులవారీగా ఒకరు కూటానికి రాకుండా ఇంకొకరి ఇంట్లో పేషెంటు దగ్గర కూర్చోవడం. మొదటిసారి వదిలేసి పోకండి. ఆ ఇంటి మనిషి కూడా ఉండగానే ఒక గంట గడిపి, ఎట్లా లేపాలో, ఎట్లా తినిపించాలో చూసి నేర్చుకోవాలి. తర్వాత గోడకు ఒక కాగితం అంటించండి. మందుల టైము, ఏ వైపు పడుకోబెట్టారు, రెండు గంటలకోసారి మళ్లీ ఎటు తిప్పాలి, నీళ్లు తాపేటప్పుడు కూర్చోబెట్టాలా, చిక్కగా చేసి ఇవ్వాలా, డాక్టరు నంబరు, 108. పక్షవాతం వచ్చినవాళ్లకు పడుకోబెట్టి నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది కాబట్టి ఆ ఒక్క గీత ఎర్ర ఇంకుతో రాయండి.

కొర్లగుంట అక్క మా అత్త దగ్గర మొదటిసారి కూర్చున్న రోజు నేను బయటికొచ్చి ఏం చెయ్యాలో తెలియక లీలామహల్ సర్కిల్ దాకా నడిచిపోయి ఊరికే తిరిగొచ్చాను. అంతకు ముందు ఎప్పుడు చేతులూపుకుంటూ నడిచానో గుర్తు రాలేదు.

రోజు, చోటు

పదిహేను రోజులకోసారి, గంటన్నర. వారం వారం అన్నవాళ్లు నెలకే ఆపేస్తారు. శనివారం వద్దు, ఆ రోజు మన ఊళ్లో రోడ్ల సంగతి తెలిసిందే. బ్రహ్మోత్సవాలప్పుడు, వైకుంఠ ఏకాదశికి బస్సులు, ఆటోలు దొరకవు, ఆ వారాలు ఫోన్లో మాట్లాడుకోండి. చోటు ఎవరి మేడ మీదైనా సరే. ఆసుపత్రి క్యాంటీన్ మాత్రం వద్దనుకోండి, పేషెంటు పేరు పిలుస్తారేమోనని చెవులు అటే ఉంటాయి. తినడానికి బొరుగులు, ఉడకబెట్టిన చెనక్కాయలు చాలు. వంటల పోటీ మొదలైతే రానివాళ్లు ఎక్కువైపోతారు, చెప్తున్నా.

మొదటి కూటంలోనే చెప్పుకోవాల్సిన కట్టుబాట్లు

మీలో ఒకరైనా డ్వాక్రా సంఘంలో ఉండే ఉంటారు. వంతు, తీర్మానం, టైముకు రావడం వాళ్లకు అలవాటే. ఆ క్రమశిక్షణ తెచ్చుకోండి, లెక్కల పుస్తకం మాత్రం అక్కడే వదిలేయండి.

మా కట్టుబాట్లు తక్కువ. ఇక్కడ విన్నది భర్తకు కూడా చెప్పకూడదు. ఒకరు మాట్లాడేటప్పుడు పది నిమిషాలు ఎవరూ అడ్డు రాకూడదు. ఫోన్లో అలారం పెట్టుకుంటాం, అది మోగితే మాట్లాడేవాళ్లే ఆపుతారు. అడగకుండా సలహా ఇవ్వకూడదు. నాటు మందులు, ఫలానా స్వామీజీ, ఇన్సూరెన్స్ పాలసీ, ఇవేవీ ఇక్కడ అమ్మకూడదు. "నీదే నయం, నాకైతే..." అన్న మాటతో ఎవరూ వాక్యం మొదలుపెట్టకూడదు. ఆ మాట మానడానికి మాకందరికీ ఏడాది పట్టింది. ఎందుకంటే మన సంభాషణలన్నీ ఆ మాటతోనే నడుస్తాయి.

చీటీలు, అప్పులు గుంపులోకి రానివ్వకండి. ఇది నేను వేరే చోట చూసి చెప్తున్నాను. ఒక నెల చీటీ కట్టలేక మొహం చాటేసిన మనిషి, తన తల్లి చనిపోయిన రోజు కూడా ఫోన్ చెయ్యలేకపోయింది.

వినడం, అన్నిటికన్నా కష్టమైన పని

మనకు వినడం రాదు. కష్టం వింటే చాలు, దాన్ని తీర్చెయ్యాలనిపిస్తుంది. తీరనిదైతే దేవుడి మీదికో కర్మ మీదికో తోసేస్తాం. "స్వామి చూసుకుంటాడులే" అన్నది భక్తితో అన్న మాటే కావచ్చు. అయినా అవతలి మనిషికి మాత్రం అక్కడితో తలుపు మూసుకుపోతుంది.

ఒక ఉదాహరణ చెప్తాను. చంద్రగిరి పాప ఒకరోజు, "పిల్లోడికి పద్నాలుగేళ్లొచ్చాయి అక్కా, నేను ఎత్తలేకపోతున్నా. నా తర్వాత వీడి గతేంటి?" అన్నది. టీచరమ్మ వెంటనే, "అట్లాంటి ఆలోచనలు పెట్టుకోవద్దు, ధైర్యంగా ఉండాలి" అన్నది. మంచి మనసుతోనే అన్నది. పాప కళ్లు తుడుచుకుని "అవును" అని ఆ రోజుకు నోరు మూసేసింది. తర్వాతి కూటంలో కొర్లగుంట అక్క అదే మాట మళ్లీ ఎత్తి, "ఆ భయం ఎక్కువగా ఎప్పుడొస్తుంది నీకు?" అని అడిగింది. "రాత్రి వాడు నిద్రపోయాక" అన్నది పాప. "అప్పుడేం చేస్తావు?" "లేచి బట్టలు మడత పెడతా." ఆ మాటకు అందరం నవ్వాం, పాప కూడా నవ్వింది, ఆ తర్వాత అరగంట మాట్లాడింది. నడుము నొప్పి, మొగుడి మౌనం, రెండో బిడ్డను కనాలా వద్దా అన్నది, అన్నీ బయటికొచ్చాయి.

తేడా చూశారా? ధైర్యం చెప్పడం కాదు, ఇంకొక ప్రశ్న అడగడం. "తర్వాత ఏమైంది?", "అప్పుడు నీకేమనిపించింది?", "ఇప్పుడు సలహా కావాలా, ఊరికే వింటే చాలా?" ఈ మూడూ నోటికి అలవాటు చేసుకుంటే చాలావరకు సరిపోతుంది. మాటలు రాకపోతే పక్కన కూర్చోండి.

మగవాళ్లతో ఓపిక ఎక్కువ కావాలి. రేణిగుంట అన్న మొదటి మూడు నెలలు అందరికీ టీ తెచ్చి ఇచ్చి గోడకు ఆనుకుని నిలబడేవాడు. ఒకరోజు మమ్మల్ని వరసగా ఆటోలో దించుతూ, ముందుకే చూస్తూ, "అమ్మకు స్నానం చేయించాల్సి వచ్చిందమ్మా ఈ రోజు. చేయిస్తుంటే నన్ను ఎవరు బాబూ నువ్వు అనడిగింది" అన్నాడు. ఎదురెదురుగా కూర్చుని చెప్పలేనిది బండి నడుపుతూ చెప్పగలిగాడు. అందుకే మగవాళ్లకు చేతిలో ఏదో ఒక పని ఉండనివ్వండి.

అలా విన్నందువల్ల వినేవాళ్లకేం లాభమని అడిగేవాళ్లుంటారు. ఫ్రాంక్ రీస్‌మన్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త 1965లోనే ఈ సంగతి రాశాడు. ఇలాంటి గుంపుల్లో సాయం అందుకునేవాళ్లతో పాటు చేసేవాళ్లూ కుదుటపడతారని ఆయన గమనించాడు. మా అనుభవం కూడా అదే. ఇంట్లో అత్తకు నేను చేసేది ఎంతకీ చాలదు, ఆమె కోలుకోదు. ఇక్కడ మాత్రం నేను పది నిమిషాలు విన్నందుకు ఒక మనిషి తేలికపడి ఇంటికి పోతుంది, నా కళ్ల ముందే.

కోపం, "పోతే బాగుండు" అన్న మాట

ఇది వస్తుంది. ఏ గుంపులోనైనా ఆరు నెలల లోపు ఎవరో ఒకరు, "ఒక్కోసారి ఆమె పోతే బాగుండనిపిస్తుంది" అంటారు. మా దగ్గర అన్నది నేనే. అన్నాక నా చెవులు వేడెక్కి, మాటను వెనక్కి తీసుకోబోయాను. ఎవరూ "ఛీ, అట్లా అనకు" అనలేదు. కాసేపు ఆగి టీచరమ్మ, "నాకు ఆదివారాల్లో అనిపిస్తుంది" అన్నది.

మన ఊరి గంగజాతరలో వేషం కట్టినవాళ్లు నడిరోడ్డు మీద బూతులు తిడితే ఎవరూ తప్పు పట్టరు. తిట్టడానికి ఒక రోజు, ఒక చోటు ఉంది, మర్నాడు ఎవరి పనికి వాళ్లు పోతారు. మన కోపానికీ అలాంటి చోటొకటి కావాలి, అది పేషెంటు మంచం దగ్గర కాకూడదు. ఆ మాట బయటికి అన్నాక ఇంటికి పోయి అత్తకు అన్నం పెడుతుంటే నా చెయ్యి ఆ రోజు మెత్తగా ఉంది.

మతిమరుపు జబ్బువాళ్ల ఇళ్లలో దిగులు ఇంకో రకం. మనిషి ఎదురుగానే ఉంటుంది, మన మనిషి మాత్రం ఉండదు. పోలీన్ బాస్ అనే కుటుంబ చికిత్స పరిశోధకురాలు ఇలా తేలని వియోగాల మీద దశాబ్దాలు పనిచేసింది. చావుకైతే మనకు పదకొండు రోజుల క్రమం ఉంది, దీనికి ఏ క్రమమూ లేదు. అందుకే రేణిగుంట అన్న తల్లి పాత కథలు, ఆమె చేసే ఊరిబిండి రుచి, చెప్తున్నంతసేపూ చెప్పనిస్తాం.

ఒక గీత మాత్రం బాగా గుర్తుపెట్టుకోవాలి. "ఆమె పోతే బాగుండు" వేరు, "నేను పోతే బాగుండు" వేరు. "ఇద్దరం కలిసి పోతాం" అన్నదైతే ఇంకా ప్రమాదం. ఆ మాట వినబడితే అలారం, వంతులు పక్కనపెట్టి నేరుగా అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా? ఎట్లా అని కూడా ఆలోచించావా?" అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. ఆ మనిషిని ఒంటరిగా పంపకండి. ఇంట్లో పేషెంటు నిద్రమాత్రలు, పురుగుమందులాంటివి ఇంకొకరి చేతికి పోవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది, మీలో ఒకరు వెంట పోండి. మన గుంపు డాక్టరుకు బదులు కాదు.

సమాచారానికి చివరి పావుగంట

కూటం మొదట్లో పెన్షన్ల మాట ఎత్తితే మనసు మాట ఇక రాదు. అందుకే చివర్లో పెట్టుకోండి. అయినా దీన్ని చిన్నచూపు చూడొద్దు, సగం టెన్షన్ కాగితాలదే. మంచానికో వీల్‌చైర్‌కో పూర్తిగా పరిమితమైనవాళ్లకు రాష్ట్రంలో ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 15,000 రూపాయలు, డయాలసిస్ పేషెంట్లకు 10,000 పెన్షన్ ఉందని మాలో ఇద్దరికి గుంపులోనే తెలిసింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకు కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ పథకంలో ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్య బీమా ఉంది. పెద్దవాళ్ల విషయాలకు ఎల్డర్‌లైన్ 14567. ఏ కౌంటర్లో ఏ జిరాక్సు అడుగుతారో ముందే పోయొచ్చినవాళ్లు చెప్తే రెండోవాళ్లకు ఒక రోజు మిగులుతుంది.

వాట్సాప్ గ్రూపు పెట్టుకుంటే గుడ్ మార్నింగ్ ఫోటోలు, ఆరోగ్య చిట్కాలు నిషేధం. మేం ఒక గుర్తు పెట్టుకున్నాం. ఎవరైనా ఒక చుక్క మాత్రం పెడితే, "ఈ రోజు బాగాలేదు, వీలైనవాళ్లు ఫోన్ చెయ్యండి" అని అర్థం. పేషెంటు పక్కనుంటే టైపు చెయ్యడానికి కూడా వీలుండదు కదా.

చెడిపోయే దారులు

ఒకే మనిషి ప్రతిసారీ ఒకే సంగతి తిప్పి తిప్పి చెప్పడం, మిగతావాళ్లు దానికి తాళం వెయ్యడం మొదలైతే అందరూ వచ్చినప్పటికన్నా బరువుగా ఇంటికి పోతారు. అప్పుడు, "ఈ పదిహేను రోజుల్లో దీంట్లో ఒక్క చిన్నది మార్చాలంటే ఏది మారుస్తావు?" అని అడగండి. రెండు కూటాలకు రానివాళ్లకు "ఎందుకు రాలేదు" అని మెసేజ్ పెట్టొద్దు, సంచిలో రెండు కట్టల ఆకుకూర వేసుకుని ఇంటికి పోండి. ఎవరైనా మానేస్తామంటే మాననివ్వండి.

పేషెంటు చనిపోయాక

దీని గురించి ముందే మాట్లాడుకోం, అపశకునమని. మేమూ మాట్లాడుకోలేదు. టీచరమ్మ నాన్న పోయాక కర్మలు అయ్యేదాకా అందరం వెళ్లొచ్చాం. ఆ తర్వాత ఆమె కూటానికి రాలేదు. "ఇంక నాకేం పని అక్కడ?" అన్నది. ఆమె వంతు పది నిమిషాలు అలాగే ఉంచాం, ఆమె పేరు గ్రూపులోంచి తియ్యలేదు.

ఇంటికి పోయి అడిగితే ఒక సంగతి చెప్పింది. మంగళవారం, శుక్రవారం పొద్దున ఐదింటికి మెలకువ వచ్చేస్తుందట, డయాలసిస్‌కు బయలుదేరే టైము. లేచి ఏం చెయ్యాలో తెలియక ఫ్లాస్కు కడుగుతుందట. కాబట్టి మీ గుంపులో ఎవరికైనా ఇలా జరిగితే, వాళ్ల పాత పని ఏ గంటకు ఉండేదో అడిగి తెలుసుకోండి, ఆ గంటకు ఫోన్ చెయ్యండి. మేం వంతులు వేసుకుని రెండు నెలలు చేశాం. ఏమంత మాట్లాడలేదు. "లేచావా?" "లేచా." "ఏం టిఫిన్?"

వచ్చి మాకు సాయం చెయ్యమని మాత్రం అడగొద్దు. నాలుగో నెలలో ఒక గురువారం ఆమే మా ఇంటికొచ్చింది. గోడ మీది కాగితం చదివి, ఎర్ర ఇంకు గీత చూసి, "నీళ్లు నేను తాపుతాలే, నువ్వు పో, వాళ్లు ఎదురుచూస్తుంటారు" అన్నది.